ముఖాలు లేని బుర్సా ఆల్బమ్

2004లో నేను బర్ దుబాయ్‌లో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేదాన్ని. గుడ్డల దుకాణాల వీధిలో కింద దర్జీ షాపు, పైన మా స్టూడియో. అందులో లేడీస్ సెక్షన్ అని ఒక భాగం విడిగా ఉండేది. ఇక్కడి ఎమిరాతీ కుటుంబాల పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వేడుక ఆడవాళ్ళకే పరిమితం. ఫోటోలు తీసేవాళ్ళు, ఫిల్మ్ కడిగేవాళ్ళు, ప్రింట్లు వేసేవాళ్ళు, ఆల్బమ్‌లో అతికించేవాళ్ళు అందరూ ఆడవాళ్ళే కావాలి. పని అయిపోయాక నెగటివ్‌లతో సహా అన్నీ కవర్లో పెట్టి, అంటించి, ఆ ఇంటి ఆడవాళ్ళ చేతికి ఇచ్చేసేవాళ్ళం. స్టూడియో నడిపే మా ముదీర్ వర్గీస్ గారు కేరళ ఆయన. సొంత స్టూడియోలోనే ఆ తలుపు దాటి ఎన్నడూ లోపలికి రాలేదు. ఏదైనా చెప్పాలంటే అవతల నిలబడి ముందు దగ్గేవారు.

ఈ పని గురించి వినగానే చాలామంది "అంటే పెళ్ళికూతుళ్ళని తీస్తావా?" అని అడుగుతారు. అవును, ఎక్కువగా అదే. కానీ నేను గర్వంగా చెప్పుకునే పని పెళ్ళిది కాదు. అందులో పెళ్ళికూతురు లేదు, అసలు ఒక్క ముఖమూ లేదు.

ఆ పని తెచ్చింది ఉమ్ సయీద్. అంటే సయీద్ తల్లి అని అర్థం. ఇక్కడ పెద్దవాళ్ళని పెద్దకొడుకు పేరుతో అలా పిలుస్తారు. అంతకు ముందు ఏడాది ఆమె కూతురి పెళ్ళికి ఫోటోలు తీశాను. యాభై దాటిన మనిషి. పాతతరం ఎమిరాతీ ఆడవాళ్ళలాగే ముఖానికి బత్తూలా కట్టుకునేది. కళ్ళు వదిలి నుదురూ ముక్కూ పైపెదవీ కప్పే, రాగిరేకులా మెరిసే గుడ్డ అది. బొంబాయి వర్తకుల దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్న హిందీ గలగలా మాట్లాడేది. నాకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలకంటే అదే మా ఇద్దరికీ సుఖం.

"బుర్సా వెళ్తున్నాం. నువ్వూ రావాలి," అంది కూర్చోకుండానే.

"అదెక్కడ మామా?" అన్నాను. ఇక్కడ అమ్మ వయసు ఆడవాళ్ళని మామా అని పిలుస్తాం.

"తుర్కీలో. ఇస్తాంబుల్‌కంటే ముందు సుల్తానుల రాజధాని. పట్టు ఊరు. నా అక్క మోజా, నేను చిన్నప్పటినుంచీ వెళ్దామనుకుంటున్న ఊరు."

మరి అక్కగారు కూడా వస్తున్నారా అని అడిగాను. "రేపు షార్జా రా. మోజా నీతో మాట్లాడాలంటోంది," అంది.

మోజా గారి మంచం ఇంటి ముందు గదిలో ఉంది. కొన్ని నెలల కిందట పక్షవాతం వచ్చి కాళ్ళూ ఎడమచెయ్యీ పడిపోయాయి. వెనక గదిలో ఉండనని పట్టుబట్టి మంచం అక్కడ వేయించుకుందట. కొడుకులు, అల్లుళ్ళు, డాక్టరు, నీళ్ళ సీసాలు తెచ్చేవాడు, అందరూ ఆ తలుపులోంచే సలాం చెప్పి వెళ్తున్నారు. మంచానికి కాస్త దూరంలో చక్రాల కుర్చీ ఉంది. దానిమీద ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది.

"నేను రాను. నా చెల్లెల్ని వెళ్ళమని ఒట్టు వేయించాను," అంది మోజా. మాట కాస్త ముద్దగా ఉన్నా స్పష్టంగానే ఉంది. "నువ్వు ఆ ఊరిని తెచ్చి నాకు చూపించు. కానీ ఫోటోలో మా ఆడవాళ్ళ ముఖం ఒక్కటీ ఉండకూడదు. ఈ గదికి ఎంతమంది మగవాళ్ళు వస్తారో చూశావుగా. దిండు కింద దాచుకునే ఆల్బమ్ నాకొద్దు. ఇక్కడ, మంచం మీద తెరిచి ఉండాలి."

"అలాగే మామా."

"ఆగు, అయిపోలేదు. ముఖాలు లేవు కదా అని మా వాళ్ళే లేకుండా చెయ్యకు. నేను వాళ్ళతో కలిసి నడవాలి."

బయట కారు దగ్గర ఉమ్ సయీద్ నా చెయ్యి పట్టుకుంది. "ఈ ప్రయాణం మాటెత్తితేనే ఆమె కళ్ళు తెరుస్తోంది. కుర్చీ ఎక్కదు, వ్యాయామం చెయ్యదు. రేపు నీ ఆల్బమ్ చూసి 'బాగుంది' అని మూసేసిందనుకో, అంతే. నేను ఆమెను వదిలేసి ఊరు తిరిగొచ్చినదాన్నవుతాను."

వర్గీస్ గారికి చెబితే తలుపు అవతలినుంచి నవ్వు వినిపించింది. "ముఖాలు వద్దంటే ఇంకా సులువు కదమ్మా. మసీదులు తియ్యి, కొండ తియ్యి, రా. యల్లా, బయల్దేరు, పాస్‌పోర్ట్ లాకర్లోంచి తీయిస్తాను."

ఇంట్లో అంత సులువు కాలేదు. కరామాలో మాది రెండు గదుల ఫ్లాట్. పాపకి అప్పుడే ఏడాది నిండింది. నేను మొదటినుంచీ భయస్తురాలిని. పాప తుమ్మితే థర్మామీటర్ వెతుకుతాను. మా ఆయన శ్రీధర్ ఒక కార్గో కంపెనీలో అకౌంట్స్ చూసేవాడు. మా ఇద్దరిదీ వరంగల్.

"పోవాలె నువ్వు," అన్నాడు. "పగలు ఖుర్షీద్ ఆపా ఉంటది. పొద్దుమీకితె నేనొస్త."

"రాత్రి లేస్తది గద."

"లేస్తె నేను గూడ లేస్త. అదొక్కతే లేస్తదా?"

ఖుర్షీద్ ఆపా మా ఎదురు ఫ్లాట్ ఆవిడ, నెల్లూరు నుంచి వచ్చింది. "నలుగురు బిడ్డల్ని పెంచినదాన్ని, నీ ఒక్క పిల్లని చూళ్ళేనా? పో మే," అని నా చేతిలోంచి పాపని లాక్కుని తలుపు వేసేసింది.

అలా బయల్దేరాను. ఉమ్ సయీద్, ఆమె కూతురు, ఇద్దరు కోడళ్ళు, మోజా గారి కూతురు హింద్: మొత్తం ఐదుగురు ఆడవాళ్ళు. తోడుగా కొడుకు సయీద్. అతను ఎప్పుడూ మాకు కాస్త ముందు నడిచేవాడు, వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఇస్తాంబుల్‌లో దిగి, ఫెర్రీ మీద సముద్రం దాటి, అక్కడినుంచి కారులో బుర్సా చేరాం. ఊరు మొత్తం ఒక పెద్ద కొండ ఒడిలో కూర్చుని ఉంది. మే నెల. కిందంతా పచ్చదనం, కొండ పైన ఇంకా మంచు.

ఈ పనికి స్టూడియోలో కొత్తగా కొన్న డిజిటల్ కెమెరా ఇచ్చారు. ఫిల్మ్ అయితే అక్కడి ల్యాబ్‌లో ఎవరో మగమనిషి కడగాలి. ఆ మాటే కుదరదు. డిజిటల్‌తో ఇంకో సదుపాయం ఉంది. కెమెరానుంచి ఒక వైరు హోటల్ టీవీకి తగిలిస్తే ఆ రోజు తీసినవన్నీ తెరమీద కనిపిస్తాయి. సాయంత్రం నమాజు అయ్యాక ఉమ్ సయీద్ గదిలో అందరూ కూర్చుని చూడాలి, ఎక్కడైనా ముఖం పడితే వాళ్ళే చెరిపేయాలి. డిలీట్ బటన్ వాళ్ళ చేతిలో ఉంటుందని నేనే చెప్పాను.

మొదటిరోజు వర్గీస్ గారి సలహా పాటించాను. ఉలూ జామీ అని ఆ ఊరి పెద్ద మసీదు, ఇరవై గుమ్మటాలది. లోపల నట్టనడుమ నీళ్ళ కొలను, దానిమీద అద్దాల కప్పులోంచి వెలుగు పడుతుంది. గోడలనిండా నిలువెత్తు అక్షరాలు. తర్వాత పచ్చ సమాధి: నెమలికంఠం రంగు పలకలు తాపిన పాత సుల్తాను సమాధి. ఒళ్ళు మరిచిపోయి తీశాను.

సాయంత్రం టీవీలో అవన్నీ చూపించాను. హింద్ లేచి వెళ్ళి తన సంచీలోంచి ఒక పోస్ట్‌కార్డ్ తెచ్చి తెర పక్కన పెట్టింది. అదే గుమ్మటం, అదే కోణం. కోడళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"యే సబ్ దుకాన్ మే మిల్తా హై," అంది ఉమ్ సయీద్. ఇవన్నీ దుకాణంలో దొరుకుతాయి కదా అని. "ఇందులో మేమెక్కడ?"

రెండోరోజు వాళ్ళని వెనకనుంచి తీశాను. వంతెన మీద నడుస్తుంటే, సమాధి తోటలో గులాబీల మధ్య నిలబడితే, మెట్లు దిగుతుంటే. ముఖం పడదు, మనుషులుంటారు. సమస్య తీరిందనుకున్నాను.

సాయంత్రం తెరమీద వరసగా నల్లని అబాయాలు కప్పిన వీపులే కనిపించాయి.

"ఇది నేను," అంది చిన్నకోడలు.

"పిచ్చిదానా, అది నేను. నువ్వు ఆ చివర."

"ఆ చివర ఉన్నది అత్తయ్య కదా?"

"నేను మెట్లు దిగనేలేదు!" అంది ఉమ్ సయీద్. "ఐదు కాకులు బుర్సా చూడ్డానికి వచ్చాయి, వల్లాహ్!"

అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. పైగా నా ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి వదిలే వెలుతురు, తెల్ల పాలరాయికి సరిపోయేట్టు పెట్టాను. దాంతో అబాయాల మీది కుట్టుపని కూడా కనిపించక ఐదు సిరామరకల్లా ఉన్నాయి. నవ్వు ఆగాక ఉమ్ సయీద్ ఒక్కొక్కటే చెరిపేసింది. కోపంగా కాదు, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఓపికగా. "మోజాకి నలుపు చూపించడానికి ఇంత దూరం వచ్చామా బేటీ?" అంది.

ఇంకా ఒక్క పూర్తి రోజే మిగిలి ఉంది. పెళ్ళి ఫోటోల్లో నాకు తెలిసిన విద్యంతా ముఖం చుట్టూ తిరిగేదే: కళ్ళలో వెలుగెక్కడ పడాలి, గడ్డం ఎంత ఎత్తాలి. అది తీసేస్తే నా చేతిలో ఏం మిగిలింది?

కిందికి వెళ్ళి, హోటల్ ఫోన్‌లో కార్డు నంబరు నొక్కి ఇంటికి చేశాను. శ్రీధర్ ఎత్తి, ఏమీ మాట్లాడకుండా ఫోన్ పాప దగ్గర పెట్టాడు. అటువైపు చెంచాతో స్టీలు గిన్నె కొట్టిన చప్పుడు. తర్వాత నిశ్శబ్దం. తర్వాత ముక్కుతో బుస్సుబుస్సున ఊపిరి.

"అన్నం బుగ్గన వెట్టుకున్నది, మింగుతలేదు," అన్నాను. "కొంచెం నీళ్ళు తాగిపియ్యి."

శ్రీధర్ ఫోన్ లాక్కున్నాడు. "నీకెట్ల తెలుసు? కెమెరా గిట్ల వెట్టిపోయినవా ఏంది ఇంట్ల?"

నవ్వి పెట్టేశాను. లిఫ్ట్ వచ్చి తలుపులు తెరుచుకుని మళ్ళీ మూసుకున్నా అక్కడే నిలబడ్డాను. నా కూతురు నాకు తెలియడానికి ముఖం అక్కర్లేకపోయింది. మోజాకి తన చెల్లెలు అంతకంటే తక్కువ తెలుసా?

మూడోరోజు పొద్దున కోజా హాన్‌కి వెళ్ళాం. పట్టుగూళ్ళ సత్రం అని దాని పేరుకి అర్థం. వందల ఏళ్ళుగా పట్టు వర్తకం జరిగిన చోటు. నాలుగువైపులా రెండంతస్తుల రాతి వసారాలు, వాటిలో పట్టు దుకాణాలు. మధ్యలో విశాలమైన ముంగిలి. అక్కడ స్తంభాల మీద నిలబెట్టిన బుల్లి మసీదు, చెట్లకింద టీ బల్లలు. నేను కెమెరా సంచీలోంచి తియ్యలేదు.

"పాడైందా?" అంది హింద్.

"కాసేపు మిమ్మల్ని చూడనివ్వు," అన్నాను.

చూశాను. ఉమ్ సయీద్ ఏ గుడ్డనైనా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపేది. బత్తూలాని నీలిమందుతో అద్దుతారు; అస్తమానం సర్దుకోవడం వల్ల ఆ రెండు వేళ్ళ కొసలూ ఎప్పుడూ లేత నీలంగా ఉండేవి. నలిపిన పట్టుని చెవి దగ్గర పెట్టుకుని దాని చప్పుడు వినేది. హింద్ బూట్ల మడమలు తొక్కేసి చెప్పుల్లా ఈడ్చుకుంటూ నడిచేది. పెద్దకోడలు ఏ బల్ల దగ్గర కూర్చున్నా ఆ ఊరి పిల్లులన్నీ ఆమె కాళ్ళ దగ్గరే చేరేవి. చిన్నకోడలు టీ తాగకుండా చక్కెర బిళ్ళలు గోపురంలా పేర్చేది. కూతురు బేరం గట్టిపడేకొద్దీ ఒంటికాలి మీద నిలబడి రెండోకాలితో పిక్క రుద్దుకునేది. వీళ్ళని ఏడాదిగా ఎరుగుదును, ఏడాదిగా ముఖాలే చూస్తున్నాను.

అప్పుడు కెమెరా తీశాను. వసారాల్లో వెలుతురు తక్కువ కాబట్టి పెద్ద కన్నున్న లెన్స్ వేశాను. అలాంటి లెన్స్ దేనిమీద దృష్టి పెడితే అది మాత్రమే పదునుగా వచ్చి, మిగతాదంతా మెత్తబడుతుంది. పదునుగా వచ్చే ఆ మేరని డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. పెళ్ళిళ్ళలో వెనక ఉన్న చెత్తని మాయం చెయ్యడానికి ఈ లెన్స్ వాడతాం. ఇక్కడ వెనక ఉన్నది బుర్సా. అది మాయం కాకూడదు. అందుకే లెన్స్ కన్నుని సగానికి బిగించాను. ముందు నీలపువేళ్ళ మధ్య పసుపు పట్టు పదునుగా, వెనక బుల్లి మసీదు కాస్త మసకగా, అయినా గుర్తుపట్టేలా. ఉమ్ సయీద్ ధర నచ్చక "ఖలాస్!" అని దుకాణం గడప దాటుతుంటే, గడపమీద ఆమె మడమ, లోపల "హనుమ్, హనుమ్, ఆగండమ్మా!" అంటున్న షాపు యజమాని చాచిన అరచెయ్యి. చక్కెర గోపురం, దాని వెనక అచ్చం దానిలాగే నిలబడ్డ రాతి కమాను.

మోజా నడవాలంది. అందుకని ఒక ఫోటో ఆగిన మెట్టు దగ్గరే రెండో ఫోటో మొదలయ్యేలా తీశాను. గుమ్మం, మెట్లు, ముంగిలి, టీ బల్ల, మళ్ళీ మెట్లు, పై వసారా, దుకాణం. మధ్యాహ్నం పెద్ద మసీదుకీ, పచ్చ సమాధికీ మళ్ళీ తీసుకెళ్ళమని నేనే అడిగాను. మొదటిరోజు గోడమీది అక్షరాలు తీశాను. ఈసారి ఆ అక్షరాల కింద చాచిన హింద్ అరచేతులు తీశాను. వాళ్ళమ్మ కోసం దువా చేస్తోంది.

సాయంత్రం వైరు తగిలించేముందు కెమెరా చిన్న తెరమీద ఒకసారి చూసుకున్నాను. ఆ రోజు తీసినవాటిలో అన్నిటికంటే మంచి ఫోటోలో, దుకాణం అద్దంలో ఒక మూల చిన్నకోడలి ముఖం పడి ఉంది. గోరంత. ఎవరూ గమనించకపోవచ్చు. నేనే డిలీట్ నొక్కాను. తల ఎత్తితే ఉమ్ సయీద్ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. లోపలికి వచ్చి డిలీట్ బటన్ దగ్గర కాదు, సోఫాలో కూర్చుంది.

తెరమీద మొదటి ఫోటో రాగానే "మామా!" అని అరిచారు కోడళ్ళిద్దరూ. తర్వాత ఇక ఆగలేదు. "అది నేనే, నా చక్కెర!" "ఛీ, నా కాలు!" "ఈ పిల్లి నిన్నటిది!" ఒక్కటీ చెరపలేదు.

దుబాయ్ తిరిగొచ్చాక ఆల్బమ్ మొత్తం నా చేత్తోనే ప్రింట్ వేసి, అతికించి, ఉమ్ సయీద్‌తో షార్జా తీసుకెళ్ళాను. మోజా మంచం మీద, ఆమె కుడిచేతికి అందేలా తెరిచి పెట్టాం. అల్లుడు వచ్చి సలాం చెప్పాడు, పేజీ వైపు ఒకసారి చూశాడు, వెళ్ళాడు. ఎవరూ ఆల్బమ్ మూయలేదు.

మొదటి కొన్ని పేజీలు మోజా కుడిచేత్తో తిప్పింది. ఉమ్ సయీద్ నావైపు చూడటం లేదు. నేనూ ఆమెవైపు చూడలేదు.

"హింద్!" అంది మోజా ఉన్నట్టుండి. గది అవతల ఉన్న కూతురు ఉలిక్కిపడింది. "బూట్లు తొక్కి నడవొద్దని ఎన్నిసార్లు చెప్పాను? రాజుల ఊళ్ళో కూడా ఇలాగే ఈడ్చుకుంటూ తిరిగావా?"

హింద్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ తల్లి కూతుర్ని తిట్టి ఎన్ని నెలలైందో.

ఇక పేజీ పేజీకీ తగువే. ఉమ్ సయీద్ చెవి దగ్గర పట్టు పెట్టుకున్న ఫోటో దగ్గర మోజా ఆగింది. అందులో కనిపించేది తలమీద కప్పుకున్న నల్లని షేలా అంచు, నీలపువేళ్ళు, పట్టు. అంతే.

"ఏమంది పట్టు?"

"అసలైనదే అంది," అంది చెల్లెలు.

"నీకు ఎప్పుడూ అలాగే అంటుంది. కడపటిసారి నువ్వు కొన్నది నాలుగు ఉతుకులకి గోనెపట్టా అయింది. నేనుంటేనా!"

"నువ్వు లేవుగా మరి," అంది ఉమ్ సయీద్. ఆ మాట ఆమె నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియనట్టు ఆగిపోయింది.

మోజా పేజీలు వెనక్కి తిప్పింది. కోజా హాన్ మెట్ల ఫోటో దగ్గర ఆగి, ఆ తర్వాతిది, ఆ తర్వాతిది వేలితో తాకింది. ఆ వేలు గుమ్మంనుంచి ముంగిలికి, ముంగిలినుంచి టీ బల్లకి నడిచింది.

"బేటీ," అంది నాతో, "ఇక్కడ మెట్లు లేకుండా లోపలికి వెళ్ళే దారి ఇంకోటి లేదా?"

నాకు వెంటనే తెలుసు. పాపని తోపుడుబండిలో వేసుకుని కరామా అంతా తిరిగేదాన్ని. మెట్లెక్కడున్నాయో, చక్రాలెక్కడ దొర్లుతాయో నా కళ్ళు వాటంతట అవే వెతుకుతాయి.

"ఉంది మామా. కింద ఇంకో తలుపు ఉంది. సరుకు బళ్ళు లోపలికి వెళ్తుంటే చూశాను."

మోజా చక్రాల కుర్చీ వైపు చూసింది. "హింద్, ఆ ప్లాస్టిక్ చింపు ముందు. కూరగాయల దుకాణంలా ఉంది."

ఉమ్ సయీద్ కళ్ళు ఒత్తుకుని నాతో అంది, "ఒక కాపీ నువ్వూ ఉంచుకో. ముఖాలు లేవు కదా, మీ ఆయనకి చూపించు." నా ఉద్యోగపు పని మా ఆయన చూడటం అదే మొదటిసారి. శ్రీధర్ పాపని ఒళ్ళో పెట్టుకుని ఒక్కో పేజీ చాలాసేపు చూశాడు. గడపమీద మడమ దగ్గర ఆగి, "ఈమె ఎవలో గాని, మస్తు బేరం చేసేటట్టున్నది," అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు ఫోటోగ్రఫీ డిప్లొమా రెండోసారి చేతికి వచ్చినట్టయింది.

మరుసటి ఏడాది వసంతంలో ఉమ్ సయీద్ స్టూడియోకి వచ్చింది. ఈసారి మోజాతో కలిసి బుర్సా వెళ్తున్నారట. నేను సంబరంగా, "ఎప్పుడు బయల్దేరాలి మామా?" అన్నాను.

"నువ్వెందుకు? ఈసారి ఫోటోలు చూపించడానికి ఇంట్లో ఎవరూ మిగలడం లేదు," అంది.

మంచి పని చేస్తే మరో పని వస్తుందని మా వృత్తిలో అంటారు. ఆ ఆల్బమ్ వల్ల నాకు రావలసిన పని ఒకటి పోయింది. ఫోటో అంటే చూసి మూసేసేదని అంతవరకూ అనుకునేదాన్ని. చూసిన మనిషి లేచి తానే బయల్దేరేలా కూడా తియ్యవచ్చని ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి ఎవరి ఫోటో తీసినా ముందు కాసేపు కెమెరా పక్కన పెట్టి, ఆ మనిషిని ఇంట్లోవాళ్ళు దేన్నిబట్టి గుర్తుపడతారో చూస్తాను. ముఖం ఆ తర్వాత.